పిరానాలు అసలు ఏయే నదుల్లో ఉంటాయి? అమెజాన్ ఒక్కటేనా?

సోషల్_మాస్టారు | ఆదివారం, ఉదయం 8:12

అందరికీ నమస్కారం. పిరానాల గురించి తెలుగులో ఎంత వెతికినా "అమెజాన్ రాకాసి చేప, నిమిషాల్లో ఆవును ఎముకలగూడు చేసేస్తుంది" అన్న ఒక్క ముక్కే తిప్పి తిప్పి కనిపిస్తోంది. అమెజాన్ అంటే చిన్న కాలువ కాదు కదా. పెరూ కొండల నుంచి అట్లాంటిక్ దాకా ఆరు వేల కిలోమీటర్లకు పైగా పారే నది. అందులో ఇవి ఉండేది కొండల్లోనా, మైదానంలోనా, సముద్రం దగ్గరా? వేరే నదుల్లో కూడా ఉన్నాయా? తెలిసినవాళ్లు నదుల పేర్లతో సహా రాస్తే అట్లాస్‌లో గుర్తు పెట్టుకుంటాను. పైగా మా ఊరి వాట్సాప్ గ్రూపులో "గోదావరిలో పిరానా దొరికింది" అని ఒక ఫోటో తిరుగుతోంది. అది నిజమో కాదో కూడా చెప్పండి.

మంజీర_తీరం | ఆదివారం, ఉదయం 9:40

మాస్టారూ, ముందు పటం సంగతి చెప్తాను. పిరానాలు సహజంగా ఉండేది ఒక్క దక్షిణ అమెరికాలోనే. అదీ ఆండీస్ కొండలకు తూర్పున ఉన్న పల్లపు ప్రాంతపు మంచినీటి నదుల్లో. కొండవాగుల చల్లటి నీళ్లలో ఇవి బతకవు. సముద్రంలో అసలే ఉండవు.

అట్లాస్‌లో ఇలా గుర్తు పెట్టుకోండి. ఉత్తరాన వెనిజులా, కొలంబియాలలో ఒరినోకో. దాని పక్కన గయానాలో ఎసెక్విబో. మధ్యలో అమెజాన్, దాని ఉపనదులు. దక్షిణాన బ్రెజిల్, బొలీవియా, పరాగ్వే, అర్జెంటీనాలను తడుపుతూ పోయే పరాగ్వే, పరానా నదులు. తూర్పు బ్రెజిల్‌లో ఒంటరిగా పారే సావో ఫ్రాన్సిస్కో. ఈశాన్య బ్రెజిల్ తీరంలోని చిన్న నదుల్లో కూడా ఉన్నాయి.

పిరానా అంటే ఒక చేప కాదు, ముప్పైకి పైగా రకాలు. సినిమాల్లో చూపించే ఎర్ర పొట్ట పిరానా (శాస్త్రీయ నామం పైగోసెంట్రస్ నాటెరెరి) అమెజాన్, పరాగ్వే, పరానా, ఎసెక్విబోలలో ఉంటుంది. ఒరినోకోలో దాని స్థానంలో పైగోసెంట్రస్ కరీబా ఉంటుంది. సావో ఫ్రాన్సిస్కోలో పైగోసెంట్రస్ పిరాయా అని మూడోది ఉంది. ఈ మూడింటిలోకీ పెద్దది అదే, ఆ నదిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పుట్టదు. నల్ల పిరానా (సెర్రాసాల్మస్ రాంబియస్) అమెజాన్, ఒరినోకో, గయానా నదులు అన్నింట్లోనూ కనిపిస్తుంది. కొరుకుడు బలం కొలిచింది దానిదే. 2012లో అచ్చయిన పరిశోధనలో 320 న్యూటన్ల దాకా తేలింది, అంటే దాని ఒంటి బరువుకు దాదాపు ముప్పై రెట్లు.

ఒరినోకో, అమెజాన్‌లను కలుపుతూ కాసిక్వియారే అనే సహజమైన కాలువ ఉంది. ఒరినోకో నీళ్లలో కొంత భాగం మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అమెజాన్ ఉపనది రియో నీగ్రోలో కలుస్తుంది. 1800లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ పడవలో వెళ్లింది ఈ దారినే. అంత దారి తెరిచి ఉన్నా కరీబా ఒరినోకోలోనే, నాటెరెరి అమెజాన్‌లోనే ఉండిపోయాయి. నా ఉద్దేశంలో దీనికి ఆ నీళ్లే ముఖ్య కారణం. ఒరినోకో వైపు నుంచి దిగేకొద్దీ కాసిక్వియారే నీళ్లు నల్లబడి, ఆమ్లత్వం పెరిగి, పోషకాలు తగ్గిపోతాయి. చాలా చేపలకు అది కనపడని గోడ లాంటిది. నల్ల పిరానా లాంటివి మాత్రం రెండు వైపులా బతుకుతున్నాయి.

కొల్లేటి_కుర్రోడు | ఆదివారం, ఉదయం 10:22

మాస్టారూ, ఆ గోదావరి ఫోటో ఇక్కడ పెట్టగలరా? నాకు మాత్రం అది రూప్‌చంద్ అయ్యుంటుందనే అనుమానం. మాది కైకలూరు దగ్గర. చెరువుల్లో శీలావతి, బొచ్చెలతో పాటు రూప్‌చంద్ కూడా వేస్తాం.

సోషల్_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:51

పెట్టాను తమ్ముడూ, చూడు. పొట్ట ఎర్రగా ఉంది, నోట్లో పళ్లున్నాయి. అందుకే అందరూ హడలిపోతున్నారు.

కొల్లేటి_కుర్రోడు | ఆదివారం, ఉదయం 11:08

రూప్‌చందే మాస్టారూ, ఎంతమాత్రం సందేహం లేదు. ఫోటోలో పెదవి లాగి చూపించారు కాబట్టి తేలిగ్గా చెప్పొచ్చు. పళ్లు మనిషి దవడ పళ్లలాగా మొద్దుగా, చదునుగా ఉన్నాయి. పై దవడలో రెండు వరసలు. పిరానాకైతే ఒకే వరసలో, మూడు కోణాల బ్లేడు ముక్కలు పక్కపక్కనే బిగించినట్టు ఉంటాయి. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఈ చేపకు అలా లేదు.

దీని అసలు పేరు పాకు, శాస్త్రీయంగా పియరాక్టస్ బ్రాకిపోమస్. ఇది కూడా అమెజాన్ చేపే, పిరానా కుటుంబంలోదే. 2000 దశకం మొదట్లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. ఇప్పుడు మా వైపు దీన్ని వేయని రైతు అరుదు. తవుడు, చెక్క కలిపి చిల్లుల బస్తాల్లో పోసి కర్రలకు కడితే, బస్తా చుట్టూ మూగి తింటాయి. ఏడెనిమిది నెలలకే కిలో తూగుతుంది. పట్టుబడి రోజున కుర్రాళ్లు వలలో దిగి చేతుల్తోనే ఎత్తి ట్రేల్లో వేస్తారు.

చిన్నప్పుడు దాని పొట్ట ఎర్రగా, అచ్చం ఎర్ర పొట్ట పిరానా పిల్లలాగే ఉంటుంది. ఈ పోలిక వల్లే ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట "పిరానా కలకలం" అని వార్త వస్తుంది. దయచేసి ఆ ఫోటోను ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయొద్దని గ్రూపులో చెప్పండి. అలాంటి వార్త వచ్చిన వారం మార్కెట్‌లో రూప్‌చంద్ కొనేవాళ్లు తగ్గిపోతారు, నష్టపోయేది రైతే.

మంజీర_తీరం | ఆదివారం, మధ్యాహ్నం 12:15

తమ్ముడు పళ్ల తేడా బాగా చెప్పాడు. ఆ తేడా వెనక ఉన్నది కూడా వాటి నివాసమే. పాకులు వరదకు మునిగిన అడవిలో చెట్ల కిందికి ఈదుకెళ్లి, నీళ్లలో రాలిన కాయలు, గట్టి గింజలు పగలగొట్టుకు తింటాయి. కొన్ని గింజలు చెక్కు చెదరకుండా వాటి పొట్టలోంచి బయటపడి దూరంగా ఎక్కడో మొలకెత్తుతాయి. అంటే అడవిని నాటే చేపలన్నమాట. పిరానాలదీ అదే అడవి, అవే నీళ్లు. కాకపోతే అవి తోటి చేపల రెక్కలు, పొలుసులు, మాంసం కోసుకుతినే దారి పట్టాయి. ఆ దారిలోనూ పురుగులు, రొయ్యలు, గింజలు, చచ్చిన జంతువులు, ఏది దొరికితే అది తింటాయి.

నాగోల్_అక్వా | ఆదివారం, మధ్యాహ్నం 1:30

నేను అక్వేరియం చేపలు పెంచుతాను. పాకులు, సిక్లిడ్లు ఉన్నాయి, పిరానాలు లేవు. ఒక సందేహం. "బ్లాక్ వాటర్", "వైట్ వాటర్" అని విదేశీ వీడియోల్లో చెబుతుంటారు. పిరానాకు ఏ నీళ్లు ఇష్టం?

మంజీర_తీరం | ఆదివారం, మధ్యాహ్నం 2:45

అమెజాన్ ప్రాంతంలో నదులను నీళ్ల రంగును బట్టి మూడు రకాలుగా చెబుతారు. ఆండీస్ నుంచి ఒండ్రు మోసుకొచ్చే సోలిమోయిస్, మదీరా లాంటివి మట్టి రంగువి. వాటినే తెల్ల నదులంటారు. ఆకులు కుళ్లిన ఇసుక నేలల మీదుగా వచ్చే రియో నీగ్రో డికాషన్ రంగులో ఉంటుంది. షింగూ, తపజోస్ తేటనీటి నదులు. మనౌస్ ఊరి దగ్గర నల్ల నీళ్లు, మట్టి నీళ్లు కలవకుండా కిలోమీటర్ల పొడవునా పక్కపక్కనే పారడం చూడటానికి జనం పడవలెక్కి వెళ్తారు.

ఈ మూడింట్లోనూ ఏదో ఒక పిరానా ఉంటుంది. అయితే ఎర్ర పొట్టవి ఎక్కువగా ఉండేది మట్టి నదుల పక్కన వరద ముంచే పల్లంలో. బ్రెజిల్‌లో దాన్ని వార్జియా అంటారు. ఒండ్రు పడే చోట చిన్న చేపలు ఎక్కువ, వాటి వెంటే ఇవీ. నది నడిమధ్యన సుడులు తిరిగే ప్రవాహం కంటే వార్జియా చెరువులు, పాయలు, గడ్డి దుబ్బుల అంచులు వీటికి ఇష్టం. గుడ్లు కూడా మునిగిన గడ్డిలో, మొక్కల వేళ్ల దగ్గరే పెడతాయి, కాపలా కాస్తాయి.

మాస్టారూ, అట్లాస్‌లో గీతలు గీసి ఊరుకుంటే సగమే తెలుస్తుంది. అక్కడి నీళ్లు నిలకడగా ఉండవు. మనౌస్ దగ్గర ఏటా నీటిమట్టం సుమారు పది మీటర్లు పెరిగి తగ్గుతుంది. జూన్ ప్రాంతంలో నది నిండుగా ఉంటుంది. అప్పుడు పిరానాలు చెట్ల మధ్య చెదిరిపోయి ఎక్కడెక్కడో తిరుగుతాయి. అక్టోబరు, నవంబరుకల్లా నీళ్లు తీసేసి చెరువులు విడివిడిగా మిగులుతాయి. అప్పుడు కొన్ని చెరువుల్లో అవి కిక్కిరిసి ఉంటాయి. ఒకే చెరువులో జూన్‌లో ఈదినవాడికి ఏమీ కాకపోవచ్చు, నవంబరులో కాటు పడొచ్చు. భయానక కథలు ఎండాకాలపు చెరువుల నుంచి వచ్చినవే ఎక్కువ.

జార్జ్‌టౌన్_మెడికో | ఆదివారం, రాత్రి 8:20

అందరికీ నమస్తే. నేను గయానాలో ఎంబీబీఎస్ చదువుతున్నాను, మాది ఖమ్మం. మంజీర అన్న చెప్పిన మాట ఇక్కడ కళ్లారా చూశాను. సెలవుల్లో మా బ్యాచ్ అంతా దక్షిణాన రూపునూని గడ్డి మైదానాలకు వెళ్లాం. ఇక్కడి వాళ్లు పిరానాను పిరాయ్ అంటారు. మేం వెళ్లింది ఎండాకాలంలో. నది సన్నటి పాయగా మారి, పక్కన మడుగులు మిగిలాయి. మా గైడు మకుషి తెగ ఆయన. గాలానికి, దారానికి మధ్య జానెడు స్టీలు తీగ కట్టాడు. తీగ లేకపోతే దారాన్ని ఒక్క కొరుకుతో తెంపుకుపోతుందట. మాంసం ముక్క గుచ్చి, గాలం కర్ర కొసతో నీళ్ల మీద టపటపా కొట్టాడు. చేప కొట్టుకుంటున్న చప్పుడు అనుకుని వస్తాయని చెప్పాడు. అర నిమిషంలో లాగాడు. అరచేతి కంటే పెద్దది, కింద నారింజ రంగు. చేతిలో పట్టుకోగానే కుక్కపిల్ల మూలిగినట్టు గుర్రుగుర్రుమంది. చేప అలా అరుస్తుందని నాకు అంతకుముందు తెలియదు. ఎండుటాకును దాని నోటి దగ్గర పెడితే కత్తెరతో కత్తిరించినట్టు అర్ధచంద్రాకారంలో ముక్క ఎగిరిపోయింది. తరువాత ప్లయర్‌తో గాలం తీశాడు.

ఆ మడుగుకు అవతలి వైపు కొద్ది దూరంలోనే ఊరి పిల్లలు ఈత కొడుతున్నారు. అడిగితే, అక్కడ అడుగున ఇసుక, పారే నీళ్లు, ఇక్కడ చేపలు కడిగే చోటు, అందుకే వాళ్లు ఇక్కడ దిగరు అన్నాడు.

ఇంకో సంగతి. మే నుంచి ఆగస్టు దాకా వానలకు ఆ మైదానమంతా మునుగుతుంది. అప్పుడు ఎసెక్విబోలో కలిసే రూపునూని నీళ్లు, అవతల అమెజాన్ వైపు పోయే తకుటు నది నీళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రెండు పెద్ద నదుల చేపలు ఏటా కొన్ని వారాలు అటూ ఇటూ రాకపోకలు సాగిస్తాయి. ఎర్ర పొట్టవి అమెజాన్‌లోనూ, మా ఎసెక్విబోలోనూ ఉండటానికి ఈ దారే కారణమని మా గైడు చెప్పాడు.

మంజీర_తీరం | ఆదివారం, రాత్రి 9:02

మెడికో తమ్ముడూ, చాలా విలువైన పోస్టు రాశావు. ఆ గుర్రు మీద బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో పరిశోధన అచ్చు వేశారు. ఎర్ర పొట్ట పిరానా మూడు రకాల చప్పుళ్లు చేస్తుందని తేల్చారు. గాలితిత్తికి అంటుకుని ఉన్న కండరాలు వేగంగా కదలడం వల్ల రెండు, పళ్లు కొరకడం వల్ల ఒకటి. నువ్వు విన్నది గాలితిత్తి చప్పుడే అయ్యుంటుంది.

నాగోల్_అక్వా | ఆదివారం, రాత్రి 9:30

మరి గుంపులు కట్టడం? వేటాడటానికే కదా?

మంజీర_తీరం | ఆదివారం, రాత్రి 10:10

అందరూ అలాగే అనుకుంటారు. బ్రెజిల్‌లో మమిరావా రిజర్వు అని వార్జియా అడవి ఉంది. అక్కడ హెల్డర్ కేరోజ్, యాన్ మగురాన్ చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. పిరానాలను రెండేసి చొప్పున ఉంచితే మొప్పలు గబగబా కొట్టుకున్నాయి, అంటే టెన్షన్. ఎనిమిదింటిని కలిపి ఉంచితే ఊపిరి నిదానమైంది. గుంపులో పెద్దవి, గుడ్లు పెట్టే వయసువి మధ్యలో చేరతాయి, చిన్నవి అంచుల్లో ఉంటాయి. అది ప్రాణభయంతో కట్టిన గుంపు. పిరానాలను తినేవి అక్కడ తక్కువేమీ కాదు. మొసలి జాతి కైమన్లు, నదీ డాల్ఫిన్లు, జెయింట్ ఆటర్లు, నీటికాకులు, రెండు మీటర్లు దాటే అరపైమా చేపలు. ఆ నీళ్లలో పిరానా వేటాడేదే కాదు, వేటకు బలయ్యేది కూడా. ఈ సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. రాకాసి అని పేరు పెట్టేసిన జంతువు చచ్చిపోతున్నా ఎవరూ పట్టించుకోరు.

సావోపాలో_తెలుగువాడు | సోమవారం, ఉదయం 6:45

ఆలస్యంగా చూశాను. ఉద్యోగరీత్యా బ్రెజిల్‌లో ఉంటున్నాను. దక్షిణం వైపు సంగతులు నేను రాస్తాను.

పిరానా భయం ప్రపంచానికి ఎక్కువగా పాకింది అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ రాతల వల్ల. 1913-14లో ఆయన బ్రెజిల్ యాత్రకు వచ్చి వీటి గురించి ఘోరంగా వర్ణించారు. ఆయన ముందు చూసింది అమెజాన్‌లో కాదు, పరాగ్వే నది మీద ఎగువకు ప్రయాణిస్తున్నప్పుడు. ఆ నది పక్కనే పాంతనాల్ ఉంది. బ్రెజిల్, బొలీవియా, పరాగ్వేలలో సుమారు లక్షన్నర చదరపు కిలోమీటర్లు పరుచుకున్న చిత్తడి నేల. పిరానాలను అడవిలో చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పేది అమెజాన్ కాదు, పాంతనాలే. చెట్లు తక్కువ, నీళ్లు లోతు తక్కువ, అన్నీ బయటికే కనిపిస్తాయి. అక్కడి హోటళ్లలో పిరానా సూప్ మామూలు వంటకం. ముళ్లు ఎక్కువని ఉడకబెట్టి వడగడతారు.

ఆనకట్టల సంగతి ఎవరూ రాయలేదు. పరానా నది మీద గ్వాయిరా దగ్గర సెతె కేదాస్ అని బ్రహ్మాండమైన జలపాతాలు ఉండేవి. కింది చేపలు పైకి ఎక్కలేని గోడ అది. 1982లో ఇటాయిపూ జలాశయం నింపినప్పుడు ఆ జలపాతాలు మునిగిపోయాయి. గోడ పోయింది. కింద ఉండే సెర్రాసాల్మస్ మార్జినాటస్ అనే పిరానా ఎగువకు ఎక్కి, అక్కడ ముందు నుంచీ ఉన్న మరో పిరానాను చాలా చోట్ల వెనక్కి నెట్టేసింది. పిరానాలు ఎక్కడుంటాయన్న ప్రశ్నకు జవాబు మనిషి కట్టే కాంక్రీటుతో కూడా మారిపోతోంది. నాకు ఇందులో బాధ కలిగించేది ఆ జలపాతాలు పోవడమే.

సావోపాలో రాష్ట్రంలోని జలాశయాల్లో ఈతకు దిగినవాళ్లకు కాట్లు పడ్డ కేసులను డాక్టర్లు, జీవశాస్త్రవేత్తలు కలిసి పరిశీలించారు. పారే నదికి అడ్డం కడితే నీళ్లు నిలిచి, తూడు, గుర్రపుడెక్క లాంటివి పెరుగుతాయి. పిరానాకు గూడు కట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. జనం స్నానానికి దిగేదీ అక్కడే. గుడ్లకు కాపలా ఉన్న చేప దగ్గరికొచ్చిన కాలిని ఒక్కసారి కొరికి వెళ్లిపోతుంది. మనిషికి ఒక్క కాటే. మూకుమ్మడిగా తినేయడం అనేది ఈ కేసుల్లో లేదు.

మూకుమ్మడి గాయాలు అయిన రోజు లేదని కాదు. 2013 డిసెంబరు 25న అర్జెంటీనాలోని రొసారియోలో విపరీతమైన ఎండకు జనం పరానాలో దిగితే సుమారు 70 మందిని కరిచాయి. ఒక పాప వేలు కొంత తెగింది. అక్కడ వాటిని పలోమెతా అంటారు.

సోషల్_మాస్టారు | సోమవారం, రాత్రి 7:15

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. అట్లాస్‌లో ఆరు నదులు గీశాను, వరద నెలలు కూడా పక్కన రాసుకున్నాను. ఇంకొకటి అడగనా? అక్వేరియం నుంచి ఎవరైనా వదిలేస్తే మన గోదావరి, కృష్ణలలో బతకగలవా?

నాగోల్_అక్వా | సోమవారం, రాత్రి 8:05

బతకగలవు మాస్టారూ, అదే భయం. వాటికి కావలసింది వెచ్చటి మంచినీళ్లు, 24 నుంచి 28 డిగ్రీలు. మన నదుల్లో అది ఉంది. చలి దేశాల్లో వదిలినవి చలికాలం దాటలేవు, మన దగ్గర ఆ అడ్డు లేదు. 2012లో చైనాలోని లియుజోవ్‌లో నది ఒడ్డున కుక్కను కడుగుతున్న ఆయన్ని పిరానా కరిస్తే, పట్టి తెచ్చినవాళ్లకు ఒక్కో చేపకు వెయ్యి యువాన్లు ఇస్తామని అధికారులు ప్రకటించారు. ఎవరో పెంచి వదిలేసినవే. మన దగ్గర సక్కర్ చేప ఇలాగే అక్వేరియంల నుంచి నదుల్లోకి చేరి, ఇప్పుడు వలలు చింపుతోందని జాలర్లు మొత్తుకుంటున్నారు. అదీ దక్షిణ అమెరికాదే. పెంచలేకపోతే కొన్న షాపుకు తిరిగి ఇవ్వండి, ఇంకొకరికి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలొద్దు. ఇది అందరికీ చెబుతున్నాను.

కొల్లేటి_కుర్రోడు | సోమవారం, రాత్రి 8:40

రూప్‌చంద్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. 2018 వరదల తరువాత కేరళ నదుల్లో ఇవి దొరికాయి. తుపాను వస్తుందంటే మేం గట్టు మీద ఎత్తుగా వల కడతాం. అందరూ కట్టరు, కట్టాలి.

ఒక_తండ్రి_వరంగల్ | మంగళవారం, ఉదయం 7:30

జార్జ్‌టౌన్ మెడికో బాబూ, మా అమ్మాయి వచ్చే నెల మీ దేశానికే మెడిసిన్ చదవడానికి వస్తోంది. ఇది చదివాక వాళ్ల అమ్మకు నిద్ర పట్టడం లేదు. ఊరు సముద్రం ఒడ్డునే ఉందట కదా, అక్కడ ఇవి ఉంటాయా?

జార్జ్‌టౌన్_మెడికో | మంగళవారం, సాయంత్రం 6:10

అంకుల్, అమ్మగారికి ధైర్యం చెప్పండి. జార్జ్‌టౌన్ దగ్గర ఉన్నది అట్లాంటిక్, ఉప్పునీళ్లు. పిరాయ్‌లు ఉండవు. సీవాల్ దగ్గర నీళ్లు గోధుమ రంగులో ఉంటాయి, అది నదులు తెచ్చే బురద. అక్కడ సాయంత్రం పూట అందరం నడుస్తాం, నీళ్లలోకి ఎవరూ దిగరు, అలలు, బురద వల్ల. పిరాయ్‌లు ఉన్న రూపునూని ఇక్కడికి చాలా దూరం. చిన్న విమానంలోనో, మట్టి రోడ్డు మీద రాత్రంతా బస్సులోనో వెళ్లాలి. సెలవుల్లో పిల్లలు లోపలి నదులకు పిక్నిక్ వెళ్తుంటారు. అప్పుడు ఆ ఊరివాళ్లు స్నానం చేసే చోటే దిగాలి. చేపలు కోసే రేవు దగ్గర దిగకూడదు, గాయమున్న కాలితోనూ దిగకూడదు. ఇవి పాటిస్తే చాలు. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది దోమలతో, మలేరియా లోపలి ప్రాంతాల్లో ఉంది. దోమతెర పెట్టెలో పెట్టి పంపండి. విమానాశ్రయానికి మా సీనియర్లు వస్తారు, తేదీ నాకు మెసేజ్ పెట్టండి.